ఇంటర్‌స్టిమ్ ఇంప్లాంట్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కాన్పులో కింద బాగా చిరిగి, కుట్లు మానాక కూడా మోషన్ ఆపుకోలేని ఆడవాళ్లు ఆ సంగతి ఇంట్లోవాళ్లకి కూడా చెప్పుకోలేరు. నాదీ అదే బాధ. మలద్వారం కండరానికి ఆపరేషన్, మందులు, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. ఫలితం అంతంతమాత్రమే కావడంతో డల్లాస్‌లో ఇంటర్‌స్టిమ్ అనే పరికరం ఒంట్లో పెట్టించుకున్నాను.

నడుం కింద ఉండే త్రికాస్థి ఎముక దగ్గర మూడో నరం పక్కన సన్నటి తీగ, పిరుదు పైభాగంలో చర్మం కింద చిన్న బ్యాటరీ పెడతారు. గుండెకి పేస్‌మేకర్‌లా ఇది ఆ నరానికి కొద్దికొద్దిగా కరెంటు ఇస్తుంటుంది. ఈ సమస్యకు దీన్ని వాడిన తొలి ఫలితాలు 1995లో జర్మనీ డాక్టర్లు ప్రచురించారు. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది 2011లో.

నాకు బాగా నచ్చింది, ముందే పరీక్షించి చూసుకోనివ్వడం. మొదట తీగ మాత్రమే లోపల పెట్టి, బ్యాటరీ బయట బెల్టుకి తగిలిస్తారు. రెండు వారాల దాకా రోజూ డైరీ రాయాలి. అదుపు తప్పడం కనీసం సగానికి తగ్గితేనే శాశ్వతంగా పెడతారు, లేదంటే తీసేస్తారు.

పూర్తిగా నయమైందా అంటే, లేదు. విరేచనాలు పట్టుకున్న రోజు ప్యాడ్ ఉండాల్సిందే. గ్యాస్ మీద అదుపు రానే లేదు. కానీ వస్తోందని తెలిశాక బాత్రూమ్ దాకా వెళ్లే వ్యవధి దొరికింది. ఆ కొద్ది నిమిషాలతోనే నా బతుకు మారింది. అంతకుముందు పెళ్లికి వెళ్తే ముదురు రంగు చీర కట్టుకుని, తలుపు పక్క కుర్చీ చూసుకుని, ఏమీ తినకుండా వచ్చేసేదాన్ని. గుడికైతే వెళ్లడమే మానేశాను. ఇప్పుడు బంతిలో కూర్చుని పులిహోర నుంచి పెరుగన్నం దాకా తృప్తిగా తింటున్నాను. మోషన్ మీద అదుపు ఎంత తప్పిందో కొలవడానికి డాక్టర్లు వేసే వెక్స్‌నర్ స్కోరులో, దీనివల్ల మీ జీవనం ఎంత మారిందని కూడా ఒక ప్రశ్న ఉంటుంది. నా దృష్టిలో అసలు ప్రశ్న అదే.

ఇబ్బందులూ ఉన్నాయి. లంగా బొందు సరిగ్గా బ్యాటరీ అంచు మీదికి వచ్చి రోజంతా ఒరుసుకునేది. ఎలాస్టిక్ లంగాలకు మారాక హాయిగా ఉంది. ఒక్కోసారి కరెంటు జలదరింపు కాలి బొటనవేలి దాకా పాకేది. రిమోట్‌తో తగ్గించుకోవచ్చు, కుదరకపోతే క్లినిక్‌కి వెళ్లాలి. ఆ సెట్టింగ్ మార్చడానికి మా క్లినిక్‌వాళ్లు వారాల తరబడి తిప్పారు. ఆపరేషన్ అయ్యేదాకా చూపించిన శ్రద్ధ ఆ తర్వాత లేకపోవడం చాలా అన్యాయం.

నాకు మొదట పెట్టిన పాత మోడల్‌తో ఎమ్మారై తలకి మాత్రమే తీసేవారు, నా మోకాలికి కుదరదన్నారు. దాని బ్యాటరీ అయిదేళ్లు అటూఇటూ వస్తుంది, అయిపోతే మళ్లీ కోత. 2020లో వచ్చిన ఇంటర్‌స్టిమ్ మైక్రోకి మారినప్పుడు తీగ కూడా మార్పించుకున్నాను. ఇప్పుడు కొన్ని షరతులతో ఒళ్లంతా ఎమ్మారై తీయించుకోవచ్చు. వారానికోసారి బెల్టు కట్టుకుని ఓ 20 నిమిషాలు ఛార్జింగ్ పెడితే చాలు. అది గుర్తుపెట్టుకోలేని పెద్దవాళ్లకి మాత్రం ఛార్జింగ్ అక్కర్లేని రకమే మేలు. ఏ రకమైనా సరే, నొప్పులకని ఎవరైనా డయాథర్మీ (మెషిన్‌తో ఒంటి లోపలికి వేడి పట్టించడం) పెడతానంటే ఒప్పుకోకండి. ఇంప్లాంట్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉంచుకోండి, ఎయిర్‌పోర్ట్ తనిఖీలో చూపించడానికీ అదే కావాలి.