అచెబె నవలా, డంగరెంబ్గా నవలా? ముందు ఏది చదవాలి?

విశాఖ ఎంవీపీ కాలనీలో మేం పదిమంది ఆడవాళ్లం నెలకోసారి కలిసి ఒక పుస్తకం చదువుకుంటాం. ఈసారి దొరల పాలన కింద ఇంట్లో మగవాళ్ల పెత్తనం ఎలా నడిచిందో చెప్పే నవల కావాలనుకున్నాం. రెండు పేర్లు తేలాయి. నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో తెచ్చిన థింగ్స్ ఫాల్ అపార్ట్, జింబాబ్వే రచయిత్రి సిత్సి డంగరెంబ్గా 1988లో తెచ్చిన నెర్వస్ కండిషన్స్.

అచెబెది చిన్న పుస్తకం, ఇంగ్లీషు కూడా తేలిక. కథానాయకుడు ఒకోంక్వోకి ఒకటే భయం: తండ్రిలా తననీ చేతకానివాడంటారేమోనని. ఆ భయంతోనే పవిత్రమైన శాంతి వారంలో కూడా భార్యను కొడతాడు. నాన్నా అని పిలిచే పిల్లవాణ్ణి తన చేత్తోనే నరుకుతాడు. కూతురు ఎజిన్మా మగపిల్లాడిగా పుట్టి ఉంటే బాగుండేదని పదే పదే అనుకుంటాడు. రచయిత అతన్ని వెనకేసుకు రాలేదు. ఊరు వెలివేసిన ఏడేళ్లూ అతను తలదాచుకున్నది తల్లి పుట్టినూళ్లోనే. అయినా దొరలు వచ్చాక కథంతా కూలిపోతున్న మగవాడి చుట్టూనే తిరుగుతుంది. తండ్రి పోయాక ఎజిన్మా బతుకు ఏమైందో చెప్పకుండానే పుస్తకం ముగుస్తుంది. నాకు అక్కడే అసంతృప్తి.

డంగరెంబ్గా నవల తన అన్న చనిపోయినందుకు బాధపడలేదని ఒక అమ్మాయి చెప్పడంతో మొదలవుతుంది. ఆ అమ్మాయే తంబు. ఆమె చదువుకి ఇంట్లో డబ్బుల్లేవు, అన్న చదువుకి మాత్రం దొరుకుతాయి. తనే మొక్కజొన్న వేసుకుంటుంది. ఆ పొత్తులు అన్న దొంగిలించి పంచిపెడతాడు. (బీచ్ రోడ్డులో పొత్తులు కాల్చే ఆడవాళ్లను చూస్తే ఇప్పుడు నాకు తంబు గుర్తొస్తుంది.) చివరికి పట్నంలో ఒక తెల్లావిడ ఇచ్చిన పది పౌండ్లు ఫీజుకని బడిలో దాస్తే, ఆ డబ్బు తనదేనని తండ్రి తగువుకొస్తాడు.

ఇక పెదనాన్న బాబాముకురు. మిషన్ స్కూల్ హెడ్మాస్టరు, ఇంగ్లండులో చదివొచ్చినవాడు. ఇంటి పెద్దరికం ముందే ఉంది, దొరల చదువూ జీతమూ దాని మీద చేరాయి. ఇక ఆయనకు ఎదురు చెప్పేవారెవరు? పెద్దమ్మ కూడా ఆయనలాగే పెద్ద చదువు చదివింది, జీతం తెస్తుంది. ఆ జీతం మీద మాత్రం ఆమెకి చెల్లుబాటు లేదు. కూతురు న్యాషా ఎదురు తిరిగితే కొడతాడు. ఆ పిల్ల తిన్న అన్నం కక్కేసుకునే స్థితికి వస్తుంది. ఆ పేజీలు చదవడం కష్టం, ముందే చెబుతున్నాను.

మనకిది కొత్త సంగతి కాదు. కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు కొడుకు వెంకటేశానికి ఇంగ్లీషు చదువు చెప్పిస్తాడు, కూతురు సుబ్బిని 1800 రూపాయలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వాలనుకుంటాడు. మా ఇంట్లోనూ అన్నయ్యకి ఇంగ్లీషు మీడియం, నాకు వీధి చివరి బడి. అందుకే పుస్తకాన్ని బేరీజు వేయడానికి నేను అడిగేది ఒకటే: ఆ ఇంట్లో ఫీజు ఎవరికి కట్టారు? అచెబె నవలలో ఆ ప్రశ్నకి చోటు తక్కువ. డంగరెంబ్గా నవల మొత్తం దాని మీదే నడుస్తుంది.

ముందు వచ్చింది ముందు చదవాలని మాలో ఇద్దరి వాదన. తెలుగులో చెప్పడానికి అచెబె సులువన్నదీ నిజమే. కానీ ఒకోంక్వో కథతో మొదలెడితే జాలి అంతా అతని మీదికే పోతుంది, ఆ వాకిట్లో ముగ్గురు భార్యలున్నారని మరిచిపోతాం. తంబుతో ఉండి వచ్చినవాళ్లు ఒకోంక్వో భార్య ఎక్వెఫీని, ఆమె కూతురు ఎజిన్మాని వెతుక్కుంటూ చదువుతారు. నా ఓటు డంగరెంబ్గాకే.

ఇంగ్లీషు రాని నలుగురికి మొదటి రెండు అధ్యాయాలు నేను తెలుగులో చెబుతాను. అచెబెది పై నెల. ఆ తర్వాత కన్యాశుల్కం చివరి అంకం, మధురవాణి మగవేషంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లేది, అందరం పైకి చదువుకుంటాం. అది జరిగేది మన విశాఖపట్నంలోనే.