వికీపీడియా అనువాద పరికరం: యంత్రం చేసిన పని ఎంతవరకు కనబడుతుంది?

ఆంగ్ల వికీపీడియా వ్యాసాలను తెలుగులోకి తెచ్చుకోవడానికి వికీమీడియా ఫౌండేషన్ 2015 నుంచి అందిస్తున్న అనువాద పరికరాన్ని నేను ఏడాదిగా వాడుతున్నాను. పని వేగంగానే సాగుతుంది, దాని గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. నేను చూడదలచుకున్నది వేరు. వ్యాసంలో యంత్రం రాసింది ఎంత, మనిషి దిద్దింది ఎంత, ఆ మనిషికి ఆ విషయం ఏమాత్రం తెలుసు అన్న సంగతులు చదివేవారికి తెలిసే వీలు ఇందులో ఉందా?

తెర మీద ఎడమవైపు ఆంగ్ల పేరా ఉంటుంది. కుడివైపు నొక్కగానే యంత్రానువాదం వచ్చి కూర్చుంటుంది. అది వద్దనుకున్నవారు ఖాళీ పేరాతో మొదలుపెట్టి సొంతంగా రాసుకోవచ్చు. యంత్రం ఇచ్చినదాన్ని పెద్దగా ముట్టుకోకుండా ముందుకు పోతే హెచ్చరిక వస్తుంది, హద్దు దాటితే ప్రచురణే ఆగిపోతుంది. ప్రచురించాక ఏ పేజీ నుంచి అనువదించామో వ్యాసం చరిత్రలో, అంటే దానిలో జరిగిన మార్పుల పట్టికలో, లంకెతో సహా నమోదవుతుంది, దాని పక్కనే ఈ పరికరాన్ని వాడినట్టు ఒక ట్యాగు పడుతుంది. ఆ ట్యాగును రాసినవారు తీసివేయలేరు. అయితే మూలం పేజీని పేర్కొనడానికి నిజాయితీ కంటే ముందు లైసెన్సు కారణం. మూల రచయితలకు గుర్తింపు ఇచ్చి తీరాలని వికీపీడియా పాఠ్యానికి వర్తించే క్రియేటివ్ కామన్స్ షరతు చెబుతుంది. కారణం ఏదైనా, మేలు పాఠకుడికే కలిగింది.

ఇక లోపం సంగతి; దీన్ని నా తప్పుతోనే చెప్పడం న్యాయం. ఐస్‌లాండ్‌లో స్ట్రోక్కుర్ అనే వేడినీటి బుగ్గ ఉంది. ఆరు నుంచి పది నిమిషాలకోసారి అందులోని నీరు మామూలుగా 15 నుంచి 20 మీటర్ల ఎత్తుకు ఎగజిమ్ముతుంది. నాకు వచ్చిన అనువాదంలో ఆ బుగ్గ '15 నుండి 20 మీటర్ల ఎత్తును కలిగి ఉంది' అని ఉంది. 'కలిగి ఉంది' అన్న మాట కనబడితే చాలు నాకు చిరాకు. వెంటనే 'స్ట్రోక్కుర్ ఎత్తు 15 నుంచి 20 మీటర్లు' అని మార్చాను, పేరాలో ఉన్న 'యొక్క'లన్నీ ఏరిపారేశాను, ప్రచురించాను. వాక్యం చక్కని తెలుగయింది గాని, అది చదివినవారు స్ట్రోక్కుర్‌ను ఒక చిన్న గుట్ట అనుకుంటారు. పరికరం మాత్రం ఏ హెచ్చరికా చేయలేదు, ఎందుకంటే అది లెక్కపెట్టేది మాటలు ఎన్ని మారాయన్నదే తప్ప, మారిన వాక్యం నిజమా కాదా అన్నది కాదు. నిజానికి నా దిద్దుబాటు వల్ల తప్పు మరింత లోపలికి దాక్కుంది. కృతకంగా ఉన్న వాక్యాన్ని పాఠకుడు ఎలాగూ అనుమానిస్తాడు. నున్నగా ఉన్నదాన్ని ఎందుకు అనుమానిస్తాడు?

రాసినవారి అర్హతను ఈ పరికరమే కాదు, వికీపీడియా కూడా అడగదు, అడిగేది మూలాలను. ఈ పద్ధతిని నేను సమర్థిస్తాను. ఎస్‌జే అనే మారుపేరుతో రాసిన ఒక వాడుకరి తాను మతశాస్త్ర ఆచార్యుణ్ణని చెప్పుకోగా, 2006లో 'ద న్యూయార్కర్' పత్రిక కూడా ఆ మాటనే అచ్చువేసింది. ఆయనకు 24 ఏళ్లేనని, ఆ పట్టాలేవీ లేవని 2007లో బయటపడింది. చెప్పుకున్న అర్హతను సరిచూసే దారి లేనప్పుడు అది లేకపోవడమే మంచిది. కాకపోతే మూలాన్ని తెరిచి చూడకుండా అనువదించేవారికి, అంటే ఆ రోజు నాలాంటివారికి, ఈ ఏర్పాటు ఏ అడ్డూ పెట్టదు.

చాట్‌జీపీటీ వంటివాటితో రాయించి తెచ్చి అతికించే పాఠ్యంతో పోలిస్తే ఈ పరికరం ఎంతో నయం, ఎందుకంటే ఆ అతికింపుకు చరిత్రలో ట్యాగేదీ పడదు. ఎవరూ సరిచూడకుండా పెట్టిన అలాంటి పేజీలను వెంటనే తొలగించడానికి ఆంగ్ల వికీపీడియా 2025 ఆగస్టులో నియమం పెట్టుకుంది. కాని గుర్తుపట్టడానికి ఆధారాలు ఏమిటంటే, లేని మూలాలను చూపడం, యంత్రం వాడుకరితో అన్న మాటలు వ్యాసంలో మిగిలిపోవడం వంటివి. ఆ ఆనవాళ్లను కాస్త ఓపికగా తుడిచేసేవారు పట్టుబడరు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ ఒకటిన్నర తగ్గించింది ట్యాగు చరిత్ర పేజీలో ఉండిపోయినందుకు; మామూలు పాఠకుడు అక్కడికి వెళ్లడు. స్ట్రోక్కుర్ వాక్యాన్ని మూలంతో పోల్చి సరిచేశాను. మొదటి మూడు పేరాలు యంత్రానువాదాన్ని దిద్దినవని, నేను లెక్కలు రాసుకునే ఉద్యోగినే తప్ప భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి కానని ఆ వ్యాసం చర్చ పేజీలో రాసి సంతకం పెట్టాను.