విషం అడిగితే తాత అమ్మాలా, "లేదు పో" అనాలా? ఏది మేలు?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే, ఒకరు కథ నడిపిస్తుంటే మిగతావాళ్లు అందులో వేషాలు వేసి, డైస్ వేస్తూ బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆట. దాన్ని ఆడించేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఈ టెన్షన్ తప్పదు. కష్టపడి ఒక ఊరు అల్లుకుని, అందులో ఒక మూలికల కొట్టు పెట్టి, గల్లాపెట్టె దగ్గర ఒక ముసలాయన్ని కూర్చోబెడతాం, ఆడేవాళ్లు వచ్చి గాయాలు మాన్పే మందు రెండు సీసాలు కొనుక్కుని పోతారులే అనుకుని. దొంగ వేషం వేసినవాడు మాత్రం బల్ల మీద మోచేతులు ఆనించి, గొంతు తగ్గించి, "తాతా, వైవర్న్ విషం ఉందా?" అంటాడు. వైవర్న్ అంటే తోకలో విషం ఉండే, డ్రాగన్ లాంటి జంతువు. తాత నోట్లోంచి ఏం రావాలో ఆ ఒక్క క్షణంలో మనమే తేల్చుకోవాలి.

నేను నాలుగు రకాలుగానూ చేసి చూశాను. అడిగింది ఇచ్చేశాను, ఇవ్వనన్నాను, స్టాక్ లేదని అబద్ధమాడాను, పేరు రాసుకుని అమ్మాను. ఆఖరిదే మేలని నా లెక్క. కాకపోతే అన్ని చోట్లా కాదు.

ముందు అసలు ప్రమాదం ఎక్కడుందో చూద్దాం, ఎందుకంటే చాలామంది విషం అనే మాటకే బెదిరిపోతారు. 2014 నాటి ఐదో ఎడిషన్ రూల్స్‌లో మామూలు విషం సీసా 100 బంగారు నాణేలు. అంత పోసి కొని కత్తికి పూసుకుంటే, దెబ్బ తిన్నవాడు తట్టుకోలేకపోతేనే నాలుగు ముఖాల డైస్ ఒకటి వేసి ఎంత పడితే వాడి ప్రాణం పాయింట్లలో అంత నష్టం, మహా అయితే 4. దీపం నూనె సీసా ఒక వెండి నాణెం. పది వెండి ఒక బంగారం కాబట్టి ఆ 100తో వెయ్యి సీసాల నూనె వస్తుంది, దాంతో ఊరికి ఊరే తగలబెట్టొచ్చు, అయినా నూనె అమ్మనన్న అంగడివాణ్ణి నేనింతవరకు ఏ టేబుల్ దగ్గరా చూడలేదు. వైవర్న్ విషం 1200, పర్పుల్ వార్మ్ అనే రాక్షసి పురుగు విషం 2000, వీటి సంగతి వేరు. రెండోది ఆరు ముఖాల డైస్ పన్నెండు వేయిస్తుంది, సగటున 42 నష్టం, నేను మూడు నెలలు పెంచి పోషించిన విలన్ రెండు దెబ్బల్లో పోవచ్చు. నిజం ఒప్పుకోవాలంటే, చాలాసార్లు నా చేత "ఇవ్వను" అనిపించింది తాత మనస్సాక్షి కాదు, ఆ విలన్ మీద నా మమకారం.

అడిగింది ఇచ్చేయడంలో సుఖం ఉంది. ఆట ఆగదు, ప్లేయర్ వేసుకున్న పథకం ముందుకు సాగుతుంది. కానీ రెండు మూడు సార్లు అలా చేస్తే ఊరు సూపర్‌మార్కెట్ అయిపోతుంది, తాత పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. 1987 నుంచి జనం ఆడుతున్న నెట్‌హ్యాక్ అనే కంప్యూటర్ గేమ్‌లో అంగళ్లు నాకు అందుకే ఇష్టం. అక్కడి దుకాణదారు చంపే మంత్రదండాన్నయినా డబ్బిస్తే ఎవరికైనా అమ్ముతాడు, కానీ మీ దగ్గర పికాసు ఉంటే మాత్రం లోపలికి అడుగు పెట్టనివ్వడు, గోడ తవ్వుకుని సరుకుతో ఉడాయిస్తారని. లోకం ఏమైపోయినా ఫర్వాలేదు, నా సరుకు భద్రం! నీతి లేదు కానీ మనిషి కనిపిస్తాడు కదా.

ఇక ససేమిరా అనడం. దీనికి పునాది లేకపోలేదు, చాలా రాజ్యాల్లో విషాలు చట్టవిరుద్ధమని రూల్స్ పుస్తకమే చెబుతుంది. పట్టుబడితే తాత తల పోతుంది, చచ్చేవాడు రేపు తాత కొట్టుకే దగ్గు మందు కోసం వచ్చేవాడు కావచ్చు. కారణం ఇలా తాతది అయినప్పుడు ప్లేయర్లు గొణగరు. మనది అయినప్పుడు మాత్రం వెంటనే పసిగట్టేస్తారు, ఆ రాత్రే తాళం పగలగొట్టడానికి పథకం మొదలవుతుంది, రెండు గంటల సెషన్ కొట్టు దోపిడీకే సరిపోతుంది. (మా టేబుల్ దగ్గర ఒకసారి తాత ప్రాణమే పోయింది, అదీ విషం లేకుండానే.) ఇంకో గొడవ, కాదన్న వెంటనే ప్లేయర్ పర్సువేషన్ (మాటలతో ఒప్పించే నేర్పు) కోసం ఇరవై ముఖాల డైస్ అందుకుంటాడు, 20 పడితే తాత లొంగిపోవాలని వాదిస్తాడు. ఆ రూల్స్‌లో 20 పడితే పని తప్పక అవుతుందన్నది దాడి చేసేటప్పుడే, మాటలతో ఒప్పించడానికి వర్తించదు. తాత ఎలాగూ ఇవ్వడని మీరు తేల్చుకుంటే అసలు డైస్ వేయనివ్వకండి.

స్టాక్ లేదనడం చాలామంది పిరికి పని అనుకుంటారు, నేనలా అనుకోను. మా మేనమామకి పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. పొద్దుగూకాక ఎవరైనా కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి ఎలుకల మందు అడిగితే, వెనక అరలో పెట్టెడు ఉన్నా సరే, "అయిపోయిందమ్మా, రేపు సరుకొస్తుంది, రేపు రా" అనేవాడు. ఆ వెంటనే కొట్లో కుర్రాణ్ణి వాళ్లింట్లో పెద్దవాళ్ల దగ్గరికి పంపేవాడు. బుద్ధులు చెప్పలేదు, నిలదీయలేదు, ఒక రాత్రి గడిపించాడు అంతే. ఆటలో తాత ఇలా అబద్ధమాడితే ప్లేయర్ ఇన్‌సైట్ (ఎదుటివాడి మనసు కనిపెట్టే నేర్పు) డైస్ వేసి పట్టుకోవచ్చు, ఎందుకు దాస్తున్నావని కూపీ లాగొచ్చు, అక్కడ మంచి సీన్ పుడుతుంది. పట్టుకునే దారే లేకుండా "లేదు" అంటే మాత్రం అది పైన చెప్పిన ససేమిరాకు మారువేషమే.

పేరు రాసుకుని అమ్మడం నేను చరిత్ర నుంచి తెచ్చుకున్నాను. బ్రిటన్‌లో 1851లో ఆర్సెనిక్ చట్టం వచ్చింది. అప్పట్లో అది ఎలుకలకీ వాడేవాళ్లు, మొగుళ్లకీ పెట్టేవాళ్లు. అమ్మకం ఆపలేదు, కానీ కొనేవాడి పేరు, ఊరు, దేనికి కొంటున్నాడో రిజిస్టర్‌లో రాయాలన్నారు, అమ్మేవాడికి తెలిసిన మనిషై ఉండాలి, లేదంటే ఇద్దరికీ తెలిసిన సాక్షిని తెచ్చుకోవాలి. చిల్లరగా అమ్మేదాంట్లో మసి గానీ నీలిమందు గానీ కలపాలి, పిండిలో కలిపితే రంగు బయటపడేలా. మన దేశంలో 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకానికి పెట్టిన షరతులూ ఇంచుమించు ఈ దారిలోనివే: ఫోటో గుర్తింపు కార్డు, కారణం, రిజిస్టర్, 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు.

ఇప్పుడు దీన్ని తాత చేతికివ్వండి. విషం ఉంది నాయనా, 1200, ఇక్కడ సంతకం పెట్టు, నిన్నెరిగిన మనిషిని ఒకణ్ణి తీసుకురా. నీలిరంగు కలిపే ఇస్తాను, సూపులో పోస్తే తెలిసిపోతుంది, నీ ఇష్టం. తాత కాదనలేదు, అయినా దొంగకు ఒక్కసారిగా పది పనులు పడ్డాయి. 25 నాణేలు పెట్టి మారువేషాల సంచీ కొనాలి, లేదా దొంగ సంతకం చేయాలి, రంగు తీసేవాణ్ణి ఎక్కడో వెతకాలి. ఆ విషంతో ఏ మంత్రిగారో పోయిన మర్నాడు కోట కాపలావాళ్లు ముందుగా తెరిచేది ఆ రిజిస్టరే. నేను ఒక సెషన్‌లో అడ్డుకుందామనుకున్నది నాలుగు సెషన్ల కథ అయింది.

ఇది పనిచేయని చోట్లు రెండున్నాయి. కొనేవాడు "ఫలానా వాణ్ణి చంపడానికే" అని నోటితో చెప్పేస్తే తాత ఇవ్వకూడదు, ఏ తెలివైన వ్యాపారీ అది విన్నాక అమ్మడు. ఇంకోటి, ఊరి బావిలో కలుపుతా, పిల్లలు తాగినా ఫర్వాలేదు లాంటి మాటలు వచ్చి, టేబుల్ దగ్గర ఎవరి మొహమో మాడిపోతే, తాత చేత మాట్లాడించకండి. ఆట ఆపి, ఆడేవాళ్లతో మీరే నేరుగా మాట్లాడాలి.

అన్నట్టు మా దొంగ గారు రిజిస్టర్‌లో రాసింది తన పేరు కాదు, మా ఆటలో అదే జట్టులో ఉన్న పూజారి పేరు. కాపలావాళ్లు పూజారిని బేడీలు వేసి తీసుకెళ్తుంటే పక్కన నిలబడి "అయ్యో, నిన్నెలా అనుమానించారు గురూ" అన్నాడు.