తేలిక చేసిన ఫ్లైవీల్‌తో నాలుగేళ్లు: మా ఎమ్‌జీబీ సంగతి

గేరు డౌన్ చేసేటప్పుడు యాక్సిలరేటర్‌ని ఇలా తాకితే చాలు, ఇంజన్ అలా లేస్తుంది. మూడులోంచి రెండుకి లివర్ వెన్నలో దిగినట్టు దిగుతుంది, కుదుపన్నదే ఉండదు. ఆ ఒక్క క్షణం కోసం నేను ఆదివారాలు ఆరింటికే లేస్తున్నాను. నిద్ర విషయంలో నా సంగతి తెలిసినవాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది.

మేం ఉండేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో. కారు 1971 ఎమ్‌జీబీ, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. నాలుగేళ్ల కిందట క్లచ్ అరిగిపోయింది. ఈ బండిలో గేర్‌బాక్స్ ఒక్కదాన్నే కిందనుంచి దించడం కుదరదు, ఇంజన్ పైకి రావాల్సిందే. ఎలాగూ విప్పాం కదా అని ఫ్లైవీల్‌ని, అంటే ఇంజన్ చివర తిరుగుతూ దాని పరుగుని నిలకడగా ఉంచే బరువు చక్రాన్ని, లేత్ షాపుకి పట్టుకెళ్లి అంచు తీయించాను. ఇంటి తూకంలో 10 కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉన్నది 7కి దిగింది. క్లచ్ కవర్‌తో కలిపి బ్యాలెన్స్ కూడా చేయించాను. అది చేయించకపోతే మిగతాదంతా దండగ.

అంచే ఎందుకంటే, బరువు ఇరుసుకి ఎంత దూరంగా ఉంటే, వేగం మార్చుకోవడానికి చక్రం అంత మొండికేస్తుంది. దూరం రెట్టింపైతే ఆ మొండితనం నాలుగింతలు. క్లచ్ ప్లేటు ఆనేచోట మాత్రం పలచన చేయనివ్వకండి. పోత ఇనుము వేగంలో పగిలిందంటే ముక్కలు వచ్చేది మన కాళ్ల దగ్గరికే.

పికప్ పెరిగిందా అని అందరూ అడుగుతారు. నేను వేసుకున్న లెక్క ఇది: మొదటి గేరులో ఆ 3 కిలోలు తగ్గడమంటే సుమారు 90 కిలోల మనిషిని కారులోంచి దింపేసినట్టు. నాలుగో గేరుకొచ్చేసరికి అదే 8 కిలోలు, ఒక చిన్న సూట్‌కేసు. మొదటి గేరు నిష్పత్తి 3.44, నాలుగోది 1. ఈ లెక్కలో నిష్పత్తి వర్గం పనిచేస్తుంది కాబట్టి తేడా దాదాపు 12 రెట్లు. మోటార్‌వే మీద మీకేమీ తెలియదు.

మొదటి నెలలో కనిపించినవాళ్లందరికీ "వెంటనే చేయించుకోండి" అని చెప్పాను. రెండో నెలలో కాసిల్‌టన్ దగ్గర విన్నట్స్ పాస్ ఎక్కాం. రెండు పక్కలా సున్నపురాతి కొండలు, మధ్యలో ఇరుకు రోడ్డు, ఐదడుగులకి ఒక అడుగు ఎత్తు. సగం దూరంలో గొర్రెలు అడ్డంగా నిలబడ్డాయి. ఆగాను. అవి తీరిగ్గా పక్కకి జరిగాక హ్యాండ్‌బ్రేక్ వదులుతూ హాఫ్ క్లచ్‌లోకి వచ్చాను. ఇంజన్ ఆఫ్! మళ్లీ స్టార్ట్ చేశాను, మళ్లీ ఆఫ్. మూడోసారికి వెనక నాలుగు కార్లు. మా ఆవిడ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ, "ఏవండీ, పెట్రోలు పోస్తే చాలదా, దీన్ని బతిమాలాలి కూడానా?" అంది. నాలుగోసారి ఇంజన్ బాగా రేజ్ చేసి, క్లచ్ కాలిన వాసనతో పైకి చేరాం.

నాకు గుంటూరులో నాన్నగారి అంబాసిడర్ గుర్తొచ్చింది. దాని ఇంజన్ కూడా మా ఎమ్‌జీబీ ఇంజన్ లాగే బీ-సిరీస్ అనే కుటుంబానిదే, 1489 సీసీది. మాది 1798. ఆ బండి రెండో గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే, బజారంతా నత్తలా తిరిగేది. అందులో బరువు చక్రం చలవ కూడా ఉంది. కుమ్మరి సారె బరువుగా ఎందుకుంటుంది? కర్రతో ఒకసారి తిప్పి వదిలితే కుండ పూర్తయ్యేదాకా తిరుగుతూ ఉండాలని. నేను నా సారె అంచు కోయించుకుని, కుండ కుదరడం లేదని ఏడుస్తున్నాను.

అసలు విశేషం ఆ తర్వాత బయటపడింది. ఐడ్లింగ్‌లో ఇంజన్ వణుకుతోందని కార్బురేటర్లు విప్పితే, రెండు ఎస్‌యూ కార్బురేటర్లలోనూ త్రాటిల్ స్పిండిళ్లు (గాలి దారి తెరిచి మూసే రేకు తిరిగే ఇరుసులు) అరిగి, సందుల్లోంచి గాలి లాగుతున్నాయి. ఎన్నేళ్లుగా లాగుతున్నాయో! పాత ఫ్లైవీల్ తన బరువుతో ఆ జబ్బునంతా కప్పెట్టింది, ఇంట్లో పెద్దావిడ అందరి తగువులూ బయటికి పొక్కకుండా చూసినట్టు. కొత్త స్పిండిళ్లు, బుష్‌లు వేయించి, టైమింగ్ సరిచేసి, ఐడ్లింగ్‌ని నిమిషానికి 900 చుట్లకి పెంచాక కొండ మీద ఆగిపోవడం చాలావరకు తగ్గింది. "చాలావరకు" అన్నాను, గమనించారు కదా.

ఇప్పటికీ సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో ఉంటే గేర్‌బాక్స్ గలగలమంటుంది. అలాగని క్లచ్ తొక్కిపట్టి నిలబడదామంటే ఈ బండిలో రిలీజ్ బేరింగ్, అంటే పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కి విడదీసేది, ఒక కార్బన్ దిమ్మ, తొక్కినంతసేపూ అరుగుతూనే ఉంటుంది. కాబట్టి గలగలలే వింటున్నాను.

నాకు ఊళ్లో తిరగడానికి వేరే కారుంది. ఇది ఏడాదికి రెండు వేల మైళ్లు, అదీ పొద్దున్నే ఖాళీ రోడ్ల మీద. అలా వాడేవాళ్లు, ముందు కార్బురేటర్లు బాగుచేయించుకుని చేయించుకోవచ్చు. రోజూ ట్రాఫిక్‌లో ఆఫీసుకెళ్లేవాళ్లకి నేనైతే చెప్పను. ఇద్దరు నడిపే ఇల్లైతే రెండోవాళ్లని కూడా ఒక మాట అడగండి. నేను అడగలేదు. మా ఆవిడ ఆ గొర్రెల రోజు నుంచి దీని స్టీరింగ్ పట్టుకోలేదు.

పోయినేడు ఒకచోట లేత్ ముఖం చూడని పాత ఫ్లైవీల్ చవకగా దొరికితే కొన్నాను. నూనె గుడ్డలో చుట్టి గ్యారేజీ అటక మీద పెట్టాను. వచ్చే క్లచ్‌కి అది ఎక్కుతుందా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు.