గీసుకుపోయిన అల్లాయ్ చక్రానికి ఏది మేలు: డైమండ్ కట్టా, పౌడర్ కోటింగా?

ఫుట్‌పాత్ అంచుకు ఒరుసుకుని అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమలోహపు) చక్రం గీసుకుపోతే మళ్ళీ లేత్ మీద తిప్పుతూ ముఖాన్ని పలుచగా కోసి మెరిపించే డైమండ్ కట్ చేయించాలా, పొడిని వేడితో కరిగించి పూతగా మార్చే పౌడర్ కోటింగ్ వేయించాలా అన్న ప్రశ్న తరచుగా ఎదురవుతోంది. విశాఖలో సముద్రపు గాలి తగిలేచోట నిలిపే మా కారుకు ఇటీవల నేను రెండోదే చేయించాను.

చూపుకు మాత్రం డైమండ్ కట్టే గెలుస్తుంది. ముదురు బూడిదరంగు పల్లపు భాగాల మధ్య తళతళలాడే లోహపు ముఖం కంపెనీ నుంచి వచ్చినట్టే కావాలంటే వేరే దారి లేదు. పౌడర్ కోటింగ్‌తో ఆ రెండు రంగుల అందం సాధారణంగా పోతుంది. పైగా ఒక చక్రానికే వేయిస్తే మిగతా మూడింటితో రంగు కలవదు కాబట్టి నాలుగూ చేయించక తప్పదు.

అయినా నా దృష్టిలో తేల్చవలసింది మెరుపు గురించి కాదు, అల్యూమినియాన్ని తేమ నుంచి ఏ పూత ఎక్కువకాలం కాపాడుతుందన్నదాని గురించి. డైమండ్ కట్‌లో నున్నగా కోసిన లోహం మీద ఉండేది పలుచని పారదర్శకమైన వార్నిష్ లాంటి పూత ఒక్కటే. కోసిన ముఖం అంచు దగ్గర ఆ పూత మరీ పలుచబడుతుంది, అక్కడ చిన్న రాయి తగిలినా తేమ, ఉప్పు దాని కిందికి చేరి, గోడ మీద చెదలు దారి పట్టినట్టు తెల్లని దారాల్లా తుప్పు పాకుతుంది. అది మొదలైన తర్వాత పాలిష్ పనికిరాదు, మళ్ళీ కోయాలి. కోసిన ప్రతిసారీ కొంత లోహం తరుగుతుంది గనుక ఆ అవకాశం ఎన్నిసార్లైనా దొరికేది కాదు.

పౌడర్ కోటింగ్‌లో పాత పూతనంతా తీసి, విద్యుదావేశంతో పొడిని అంటించి, సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగించి గట్టిపరుస్తారు. పూత మందంగా ఉంటుంది, చిన్న రాళ్ళ దెబ్బలకు త్వరగా పెచ్చులూడదు. అయితే ఈ చక్రాల లోహానికి బలం వేడిచికిత్స వల్ల వచ్చింది కాబట్టి, ఓవెన్ వేడి అదుపు తప్పినా, పలుమార్లు కాల్చినా ఆ బలం తగ్గుతుంది. అందుకే ఎంత వేడిలో, ఎంతసేపు ఉంచుతారో అడిగిన తర్వాతే చక్రం అప్పగించాలి. నట్లు కూర్చునే చోట, హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనే ముఖం మీద పొడి పడకుండా మూయించాలి. అక్కడ పూత ఉంటే అది నలిగి నట్లు వదులవుతాయి. పాత పూత తీసిన వెంటనే లోపలి అంచు దగ్గర పగులు ఉందేమో చూడటం మరీ ముఖ్యం, ఎందుకంటే కొత్త పూత పగులును దాచిపెడుతుంది. పగులుంటే ఈ రెండింటిలో ఏదీ వద్దు, చక్రమే మార్చాలి.

సన్నగీతలకు గరుకు కాగితం, పుటీ, స్ప్రే డబ్బా చాలు.

హైదరాబాద్‌లో, కప్పు కింద నిలిపే కారుకు, చక్రాల అందమే ముఖ్యమనుకునేవారికి డైమండ్ కట్ తప్పేమీ కాదు. ఏది చేయించినా బ్రేకుల ఇనుప పొడి పేరుకోనీయకుండా, చక్రం చల్లారాకే, ఆమ్లం లేని షాంపూతో కడగాలి. మనం రోడ్డుకు ఎడమవైపు నిలుపుతాం కాబట్టి గీతలు ఎక్కువగా పడేది ఎడమ చక్రాలకే. పార్కింగ్ వేళ ఎడమ అద్దాన్ని కిందికి వంచుకుంటే అంచు కనిపిస్తుంది. టైరు మార్పించేటప్పుడు యంత్రం పళ్ళకు ప్లాస్టిక్ తొడుగులు వేయమని, బ్యాలెన్సింగ్ బరువులను అంచుకు బిగించకుండా లోపలివైపు అతికించమని దగ్గరుండి చెప్పాలి.