విరిగిన బొమ్మకి మక్కు మేలా, అరల్డైట్ మేలా?

సంక్రాంతి పది రోజులుందనగా బొమ్మల కొలువు కోసం అటక మీది ట్రంకు పెట్టె దించుతాం. ప్రతి ఏడూ అందులో ఏదో ఒకటి విరిగే బయటపడుతుంది. ఈసారి మూడు. అమ్మమ్మ కాపరానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న కొండపల్లి అంబారీ ఏనుగుకి తొండం సగానికి ఊడింది. మావటివాడి చెయ్యి విడిగా కాగితం పొట్లంలో ఉంది. ఏటికొప్పాక కుంకుమ బరిణె మూత మెరుపు పోయి, పొగ కమ్మినట్టు తెల్లబడింది. నా చిన్నప్పటి ప్లాస్టిక్ బొమ్మ, జీ.ఐ. జో సైనికుడైతే నడుం దగ్గర రెండై, కాళ్ళొక మూల, మొండెం ఒక మూల పడున్నాడు. కొలువులో జీ.ఐ. జో ఏమిటని అడక్కండి. మా ఇంట్లో దశావతారాల కింది మెట్టు మీద ఎప్పుడూ వాడిదే కాపలా.

విరిగినవాటన్నిటికీ మా ఇంట్లో ఒకటే మందు ఉండేది, చుక్క వేస్తే క్షణంలో పట్టేసే గమ్ము. ఇరవై ఏళ్ళ కింద తాటిచెట్టెక్కే మనిషి బొమ్మకి నేనే పూశాను. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్క దూదిలాంటిది. గమ్మంతా లోపలికి పీల్చేసుకుంది, అంచుల దగ్గర నల్లగా మరక తేలింది. మూడో ఏడు మళ్ళీ విరిగింది, ఈసారి అతుకు పక్కన, మంచి చెక్కలో. పాత అతుకు మాత్రం గాజుపెంకులా మిగిలిపోయి ఇంకే జిగురునీ పట్టనివ్వలేదు. అప్పట్నుంచి ఏ జిగురు మూత తీసినా ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: రేపు నచ్చకపోతే ఇది ఊడొస్తుందా?

ఏనుగు తొండం

కొండపల్లి బొమ్మలు చాలావరకు ఒకే చెక్కలోంచి చెక్కినవి కావు. తెల్లపొణికిని బాగా ఆరబెట్టి, తల, చేతులు, తొండం వేరువేరుగా చెక్కి మక్కుతో అతుకుతారు. చింతగింజల పొడి ఉడికించిన జిగురులో సన్నని రంపపు పొట్టు కలిపితే మక్కు. ఇటు తెలంగాణలో చేర్యాల మాస్కులు చేసేవాళ్ళకీ ఇదే ముడిసరుకు. కాబట్టి ‘విరిగింది’ అనుకున్న బొమ్మ చాలాసార్లు విరగదు, పాత మక్కు ఎండి వదిలేస్తుంది, అంతే. రెండు ముఖాలూ సమంగా, పిండిపిండిగా ఉంటే మక్కు వదిలిందని గుర్తు. నారలు లేచి, ఎగుడుదిగుడుగా ఉంటే చెక్కే విరిగింది. ఈ తేడా చూసుకోకుండా జిగురు పుయ్యకండి.

మక్కు వదిలిన చోట మక్కే మేలు. చెక్కతో పాటు అదీ వానాకాలం కాస్త ఉబ్బుతుంది, ఎండాకాలం కాస్త తగ్గుతుంది. రేపు ఇంకొకళ్ళు బాగుచెయ్యాలంటే తడిగుడ్డ కాసేపు ఆనించి ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. ఇంట్లో చేసుకోవడమూ కష్టం కాదు. చింతగింజలు వేయించి, పైపొట్టు తీసి, పొడి కొట్టి, నీళ్ళలో గంజిలా చిక్కబడేదాకా ఉడికించాలి. మిక్సీలో వేసేముందు ఇంట్లో అనుమతి తీసుకోండి, ఆ గింజలు రాళ్ళతో సమానం. వడ్రంగి దగ్గర తెచ్చిన పొట్టుని టీ వడకట్టే జల్లెడలో పట్టి కలిపితే చపాతీ పిండి పదునుకి వస్తుంది.

దానికీ తప్పులున్నాయి. ఎండేటప్పుడు కుంచించుకుపోతుంది. ఒకేసారి మందంగా పెడితే నెర్రెలిస్తుంది, అందుకే పల్చగా రెండు మూడు పూతలుగా, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు ఆరనిచ్చి పెట్టాలి. గోడకి చెమ్మ దిగే ఇంట్లో మెత్తబడుతుంది. పైగా పురుగుకి అది విందు భోజనం.

చెక్కే విరిగితే మక్కు ఒక్కటే చాలదు. అక్కడ నా ఓటు మామూలు తెల్ల ఫెవికాల్‌కి. నీళ్ళకి తట్టుకునే రకం కాకుండా, పిల్లలు స్కూలు ప్రాజెక్టులకి వాడే రకం. పల్చగా రాసి, దారం చుట్టి, ఒక రోజు వదిలేస్తే పొణికి బరువుకి అది ఎక్కువే. గోరువెచ్చని నీళ్ళకి మెత్తబడుతుంది కాబట్టి వెనక్కి తిరిగే దారి ఉంటుంది. తొండంలాగా గాల్లోకి సాగిన భాగమైతే లోపల ఒక పుల్ల పడాలి. చేత్తో తిప్పే సన్న డ్రిల్లుతో రెండు వైపులా అరంగుళం లోపు చిల్లు పెట్టి, కాలిపోయిన అగరొత్తి కాడ దూరిస్తాను. అది వెదురు, సన్నం, గట్టి, పైగా ప్రతి ఇంట్లో ఉచితం. కొబ్బరి ఈనె కూడా ప్రయత్నించాను గానీ అది వంగుతుంది.

మరి రెండు ట్యూబులు కలిపి పూసే అరల్డైట్? గట్టితనంలో ఈ రెంటినీ మించినదే. కుంచించుకుపోదు, నీళ్ళకి జంకదు, పురుగు ముట్టదు. దాని తప్పల్లా ఆ గట్టితనమే. పొణికి కంటే అతుకు ఎన్నో రెట్లు గట్టిదైతే తర్వాతి దెబ్బ అతుకు తినదు, పక్కనున్న మెత్తటి చెక్క తింటుంది. నా తాటిచెట్టు బొమ్మకి జరిగింది అదే. ఎం-సీల్‌దీ ఇదే కథ, అదనంగా బరువు. అయితే ఎడ్లబండి చక్రం ఇరుసులాంటి చోట, పిల్లలు రోజూ తిప్పే చోట, నేను అరల్డైట్ వాడతాను. ఆడుకునే బొమ్మకి ఒక న్యాయం, కొలువులో కూర్చునే బొమ్మకి ఇంకో న్యాయం.

అతికేముందు ఇంకో సంగతి. బొమ్మ కింద సన్నని పిండి రాలుతోందా చూడండి. తుడిచి, నల్ల కాగితం మీద పెట్టి వారం తర్వాత మళ్ళీ చూడండి. కొత్త పిండి ఉంటే లోపల పురుగు బతికే ఉంది. పెద్దవాళ్ళు కిరసనాయిలు పట్టించేవాళ్ళు. అది రంగుని మెత్తబరుస్తుంది, మరక దిగితే పోదు. ఫ్రీజర్ మేలు: పాలిథిన్ కవర్లో గాలి తీసి గట్టిగా మూసి, రెండు వారాలు ఉంచి, బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజు వదిలెయ్యాలి. విప్పేస్తే చల్లటి బొమ్మ మీద తేమ పట్టి రంగు ఉబ్బుతుంది. రంగు ఇప్పటికే పొలుసులుగా లేస్తుంటే మాత్రం ఫ్రీజర్ జోలికి పోవద్దు.

రంగు వెయ్యాలా, వద్దా

మా మేనత్తకీ నాకూ ప్రతి ఏడూ తగువు ఇక్కడే. “కొలువులో పెట్టే బొమ్మ కళకళ్ళాడొద్దుట్రా?” అంటుంది ఆవిడ. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది. కానీ పాత రంగు మీద కొత్త ఎనామిల్ ఒక్కసారి పడ్డాక అది అమ్మమ్మ ఏనుగు కాదు, నా ఏనుగు. కుంచె ఎంత సన్నదైనా ఆ కనుబొమ్మ గీత నాకు రాదు.

ముందు ఏ రంగో తెలుసుకోవాలి. బొమ్మ అడుగున కనపడని చోట తడి దూది ఆనించండి. రంగు అంటితే నీటి రంగో ఆకుల రంగో. దాన్ని తడిగుడ్డతో ఎప్పుడూ తుడవకూడదు, మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపడమే. అంటకపోతే ఎనామిల్ కావచ్చు, బాగా పిండిన గుడ్డతో తుడిస్తే ఏమీ కాదు. ఏదైనా సరే, ఉప్పుకాగితం మాత్రం పట్టకండి. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకి 90 మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాలో ఏముందో చూసినవాడు లేడు. ఆ పొడి పీల్చడం మీకూ మంచిది కాదు, నేల మీద పాకే పిల్లలకి అసలు మంచిది కాదు. పాత రంగుల బొమ్మని నోట్లో పెట్టుకునే వయసు పిల్లల చేతికి ఇవ్వకపోవడానికీ కారణం ఇదే.

నేను ఒప్పుకునేది ఒక్కటే: మక్కు నింపిన మేరకే, దానికి సరిపడే పోస్టర్ రంగు. పాత రంగు మీదకి ఒక్క చుక్క రానివ్వకుండా. నచ్చకపోతే తడి దూదితో పోతుంది.

చెయ్యో కాలో పూర్తిగా పోయిందా? ఇంట్లో ప్రయోగాలు మానేసి కొండపల్లే తీసుకెళ్ళడం మేలు. విజయవాడ నుంచి గంట లోపు ప్రయాణం. ఆ చెక్క, ఆ బాడిస, ఆ చెయ్యి వాళ్ళవే. కాకపోతే ‘పోయిన భాగమే చెయ్యండి, మిగతా రంగు ముట్టుకోవద్దు’ అని ముందే చెప్పాలి. చెప్పకపోతే, పాపం, మనకి మంచి చేద్దామనే మొత్తం కొత్తగా వేసి ఇవ్వచ్చు.

ఏటికొప్పాక బరిణె సంగతి రెండు ముక్కల్లో. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీ ఒత్తిపెడితే రాపిడి వేడికి కరిగి పట్టిన పూత అది. లక్కకి శత్రువు స్పిరిట్. కరోనా రోజుల్లో మా ఇంట్లో ఎవరో శానిటైజర్‌తో శుభ్రంగా తుడిచారు, ఫలితం ఆ తెల్ల పొగ. పైన వార్నిష్ వేస్తే పసుపుపచ్చగా మారి, తర్వాత తియ్యబోతే కింది లక్కనీ లాక్కొస్తుంది. ఫ్రెంచ్ పాలిష్ లక్కే గానీ అందులో ఉన్నది మళ్ళీ స్పిరిటే, రంగు కలిసి చారలు కడుతుంది. పొడి నూలు గుడ్డతో ఓపిగ్గా రుద్దడమే మూడింట్లో మేలు. పూర్తిగా పోలేదు, సగం తగ్గింది. సగం చాలు.

సైనికుడి నడుం

ఇక జీ.ఐ. జో. అమెరికాలో 1964లో అడుగు ఎత్తు బొమ్మగా మొదలై, 1982లో మూడు ముప్పావు అంగుళాలకి దిగింది. మనకి తెలిసింది ఆ చిన్నదే, 1987లో మొదలైన మన బొమ్మల కంపెనీ ఫన్‌స్కూల్ చేసి అమ్మినది. మన దగ్గర తయారైన వాటిలో కొన్నిటికి అమెరికా బొమ్మల్లో లేని రంగుల కలయికలు ఉంటాయి. అందుకే వాటి కోసం వెతికే విదేశీ సేకర్తలు ఉన్నారు. మీ జో చొక్కా రంగు వింతగా ఉందని పెయింటు డబ్బా తీసేముందు ఇది గుర్తుంచుకోండి.

వాడు రెండు ముక్కలయ్యాడంటే విరిగాడని కాదు. మొండెం ముందూ వెనకా రెండు చిప్పలు, వీపులో ఒక్క స్క్రూ. లోపలొక నల్ల రబ్బరు రింగు కాళ్ళ కొక్కేన్ని పైకి లాగి పట్టుకుంటుంది. ముప్ఫై ఏళ్ళకి ఆ రబ్బరు ఎండి తెగుతుంది, మోటారు వాషరు తెగినట్టే. నడుముకి గమ్ము పోసి నిలబెడితే నిలబడతాడు, మళ్ళీ జన్మలో కూర్చోడు. జడకి పెట్టుకునే రబ్బరు బ్యాండు కొన్ని వారాలు ఆగుతుంది. మేలైనది ఓ-రింగే. తెగిన ముక్కలు పట్టుకెళ్తే పంపుల సామాను షాపులో దానికి దగ్గరి సైజు ఇస్తారు, ఖరీదు టీ డబ్బులంత. సన్నదైతే కాళ్ళు వేలాడతాయి. మరీ బిగువైతే కొక్కెమే విరుగుతుంది, అది విరిగితే అతకడం వృథా. అనుమానంగా ఉంటే కాస్త వదులుదే తీసుకోండి.

స్క్రూ తిరిగి బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి. ‘టిక్’మని చిన్నగా దిగినట్టనిపించిన చోట పాత మర దొరికింది. అక్కణ్ణించి ముందుకి బిగిస్తే ప్లాస్టిక్‌లో కొత్త గాడి కొయ్యదు.

బొటనవేలు విరగడం ఈ బొమ్మలకి జాతి లక్షణం. తుపాకీ బలవంతంగా దూర్చడం వల్లే విరుగుతుంది. అతికినా తుపాకీ పట్టుకునేంత బలం రాదు. చుక్క గమ్ము ఆవిరి చుట్టూ తెల్లగా పొగలా కూర్చుంటుంది. దాన్ని వదిలించడానికి గోళ్ళ రంగు తీసే ద్రవం వాడారో, అందులో అసిటోన్ ఉంటే గమ్ముతో పాటు బొమ్మ ముఖమూ కరుగుతుంది. వేలు లేకుండానే ఉండనివ్వడం మేలు. వేరే ప్లాస్టిక్ బొమ్మ అతకాలంటే ముందు విరిగిన ముక్కని గ్లాసు నీళ్ళలో ముంచి, బుడగలు లేకుండా చూసి వదలండి. తేలితే బకెట్ల జాతి ప్లాస్టిక్. దానికి ఫెవికాల్, అరల్డైట్, చుక్క గమ్ము, ఏదీ నిలిచి పట్టదు, సన్న తీగతో కుట్టుకోవాల్సిందే. మునిగితే ఆశ ఉంది.

పచ్చబడ్డ తెల్ల ప్లాస్టిక్‌ని మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెడితే తెల్లబడుతుంది, నిజమే. మన ఎండకి గంటల్లోనే తేడా తెలుస్తుంది. కానీ ముద్రించిన రంగులు, స్టిక్కర్లు పాడవుతాయి, కొన్నాళ్ళకి పచ్చదనం మళ్ళీ వస్తుంది. రంగులేని, విడదీయగలిగే భాగమైతే సరే. ముఖం ఉన్న బొమ్మకి సబ్బు నీళ్ళు, పాత టూత్ బ్రష్షు, నీడలో ఆరబెట్టడం. అంతకుమించి నేను చెయ్యను.

ఈసారి ఏనుగుకి అగరొత్తి కాడ, ఫెవికాల్, పైన రెండు పూతలు మక్కు. మావటివాడి చేతికి ఉత్త మక్కు. జోకి కొత్త రింగు. ఏనుగు పీట అడుగున చిన్న కాగితం కట్టి పెన్సిలుతో రాశాను: ‘తొండంలో వెదురు పుల్ల ఉంది, లాగొద్దు. తెల్ల జిగురు, వేడినీళ్ళ గుడ్డ పెడితే వస్తుంది.’ మేనత్త అది చదివి, “తొండం చివర రంగు వెయ్యలేదేంట్రా?” అంది. మక్కు ఇంకా ఆరలేదని చెప్పాను. కనుమ నాటికి ఆరుతుంది.