మూడేళ్లు వాడిన చవక ఆర్గాన్ టార్చి

విజయవాడ పటమటలో, ఇంటి వెనుక రేకుల షెడ్డులో నేను స్టీలు రెయిలింగులు, చిన్న గేట్లు చేస్తాను. మూడేళ్ల క్రితం ఆర్గాన్ వెల్డింగ్ మొదలుపెట్టినప్పుడు డబ్బంతా మెషీనుకే అయిపోయినందువల్ల, రెండు వేల రూపాయలలోపు దొరికిన 17 రకం టార్చిని (చేత్తో పట్టుకొని వెల్డింగ్ చేసే పరికరం), తలమీదే గ్యాస్ వాల్వు ఉన్నదాన్ని, ఆటోనగర్‌లో కొన్నాను. ఇప్పటికీ దానితోనే పని చేస్తున్నాను, కానీ ఆనాటి టార్చిలో మిగిలింది తల, వాల్వు, పిడి మాత్రమే.

మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేదు. ఆ తరువాత 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు మీద లేత బంగారు రంగులో రావలసిన అతుకు బూడిద రంగుకు తిరిగి, అక్కడక్కడ సన్నని రంధ్రాలు పడసాగాయి. అతుకుకు గాలి తగలకుండా కాపాడే ఆర్గాన్ గ్యాస్ చాలడం లేదనుకొని నిమిషానికి 8 లీటర్ల నుంచి 14 లీటర్లకు పెంచితే అతుకు మరింత చెడిపోయింది. ఆర్గాన్ మరీ వేగంగా వస్తే సుడి తిరిగి బయటి గాలిని తనలో కలుపుకుంటుందని నాకు అప్పటికి తెలియక, ఒక సిలిండరు దాదాపు వృథా చేశాను. ఆర్క్ (లోహాన్ని కరిగించే విద్యుత్ మెరుపు) ఆపి, గ్యాస్‌ను కాసేపు అలాగే వదిలినా, దాన్ని పుట్టించే టంగ్‌స్టన్ కడ్డీ మొన వెండిలా మెరవకుండా నీలంగా, నల్లగా మారుతుండేది. కాలిన టంగ్‌స్టన్‌కు గాలి తగులుతోందనడానికి అంతకంటె స్పష్టమైన గుర్తు లేదు.

మెషీను ప్లగ్గు తీసేసి, గ్యాస్ మాత్రం తెరిచి, గ్యాస్ బయటికి వచ్చే కప్పు మూతిని వేలితో మూసి, టార్చి అంతటా సబ్బు నీళ్లు పూశాను. వెనుక మూత దగ్గర బుడగలు లేచాయి. అందులోని ఓ-రింగు (గ్యాస్ కారకుండా ఆపే రబ్బరు వలయం) వేడికి గట్టిపడి చీలిపోయింది. అదే కొలతలో వేడికి తట్టుకునే సిలికాన్ రింగు వేయగానే, కొన్ని నెలలుగా నన్ను వేధించిన రంధ్రాలు ఆ సాయంత్రమే ఆగిపోయాయి. అప్పటినుంచి ఆరు నెలలకొకసారి, పాడైనా పాడవకపోయినా, ఆ రింగు మారుస్తున్నాను.

రెండో ఏడాది 70 ఆంపియర్లకే పిడి పట్టుకోలేనంత వేడెక్కింది. రబ్బరు తొడుగు వెనక్కి లాగి చూస్తే, తలకు కలిసే చోట కేబులు పోగులు నల్లబడి, సగం తెగి ఉన్నాయి. ఒక పోగును బ్లేడుతో గీకితే పైన ఎరుపు, లోపల తెలుపు: రాగి పూత వేసిన అల్యూమినియం. అల్యూమినియం రాగి అంత బాగా కరెంటును మోయదు, వేడికి బిగింపు దగ్గర వదులవుతుంది కూడా. పూర్తి రాగి పోగులతో, మెత్తని రబ్బరు గొట్టంతో ఉన్న 4 మీటర్ల కేబులు కొని బిగించాను. బిగించేటప్పుడు తలను ఒక స్పానరుతో కదలకుండా పట్టి, రెండో దానితో నట్టు తిప్పాలి, లేకపోతే మెడ మెలితిరుగుతుంది. ఈ కేబులుకు టార్చి ధరకు దగ్గరగానే అయింది. అయినా పాత ప్లాస్టిక్ గొట్టపు బిరుసు పోవడంతో మణికట్టు నొప్పి తగ్గిందంటే, ఆ ఖర్చు నాకు ఎక్కువనిపించలేదు.

అన్నిటికంటె మేలు చేసిన మార్పు గ్యాస్ లెన్స్, అంటే కప్పు లోపల బిగించే జల్లెడల భాగం. సన్నని స్టీలు జల్లెడలు గ్యాస్‌ను సుడి లేకుండా నిలువుగా పంపడం వల్ల టంగ్‌స్టన్‌ను ఇంకాస్త బయటికి చాపవచ్చు, పైపుల మూలల్లో మొన స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పుడు 7 లీటర్లతోనే అతుకు బంగారు రంగులో వస్తోంది. దీనికి పాత కప్పు, పాత ఇన్సులేటరు (కప్పుకు, తలకు మధ్య ఉండే వలయం) సరిపోవు, లెన్స్‌తో కలిపి మూడూ ఒకేసారి కొనాలి. వేసవిలో వడగాలికి మాత్రం గ్యాస్ లెన్స్ కూడా నిలవదు. మే నెలలో ఫ్యాను ఆపి, షెడ్డుకు పడమటి వైపు పట్టా కట్టుకొని, తెల్లవారుజామునే పని ముగించుకుంటాను.

టార్చితో వచ్చిన ఎర్ర మొన టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది. దాన్ని సానపట్టినప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులలోకి పోకూడదు కనుక, లాంథనం కలిపిన నీలి మొనకు మారాను. ఆర్క్‌లో నాకు తేడా తెలియలేదు.

ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల స్టీలు పైపు చేసేవారికి ఈ టార్చిని నిస్సంకోచంగా చెబుతాను, కేబులు డబ్బు కూడా మొదటే పక్కన పెట్టుకోవాలి. మందపాటి ప్లేటు మీద 120 ఆంపియర్లతో ఆగకుండా పని చేస్తే, కొత్త కేబులుతో కూడా పది నిమిషాలకు పిడి కాలుతుంది. ఆ పనికి ఇంకా ఎక్కువ కరెంటు మోసే 26 రకం టార్చి కావాలి. నేను గ్యాస్ లెన్స్‌కు కొన్న సామగ్రి దానికీ సరిపోతుంది.